రెప్ప వేసే పాము ఉంటుందా?

శ్రావణంలో విశాఖలో రెండు రోజులు ఎడతెరిపి లేకుండా వాన కురిసింది. మూడో రోజు పొద్దున మేడ మీద కరివేపాకు మొక్కను పెద్ద తొట్టిలోకి మారుస్తున్నాను. మట్టిగడ్డ విరిగి, అందులోంచి జానెడు కూడా లేని నల్లటి దారం లాంటిదొకటి మెలికలు తిరుగుతూ బయటపడింది. పక్కన నీళ్ళ మగ్గు పట్టుకుని నిలబడ్డ మా మేనల్లుడు రెండడుగులు వెనక్కి వేశాడు. "మావయ్యా, పామా? వానపామా?"

వానపాము కాదు. వానపాము ఒంటి మీద ఉంగరాలు ఉంటాయి, దీనికి లేవు. నూనె రాసినట్టు నిగనిగలాడే సన్నటి పొలుసులున్నాయి. తల ఎటో, తోక ఎటో తేలడం లేదు. గుడ్డిపాము అది. నిజమైన పామే. చీమల గుడ్లూ చెదపురుగులూ తిని బతుకుతుంది, మనిషికి దానివల్ల ఏ ప్రమాదమూ లేదు. ఈ జాతిలో మగవి ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు, ఆడవే ఆడవాటిని కంటాయి. అందుకే ఒక్కటి పూలతొట్టి మట్టిలో దాక్కుని ఓడెక్కినా చాలు, దిగిన దేశంలో సంతానం మొదలవుతుంది. అలా సగం ప్రపంచం చుట్టింది.

వాడు అంతటితో వదల్లేదు. "అయితే కాళ్ళు లేకుండా పాకేవన్నీ పాములేనా?"

ఈ ప్రశ్నకి నేను ఆ పూట చెప్పినది కొంత, తర్వాత తీరిగ్గా చెప్పినది కొంత. అంతా ఇక్కడ రాస్తున్నాను.

కావు. కాళ్ళు లేని బల్లిజాతి జంతువులు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఇక్కడ బల్లి అంటే గోడ మీద బల్లి ఒక్కటే కాదు. తొండ, ఉడుము, ఊసరవెల్లి, నలికండ్ల పాము, అన్నీ కలిసిన పెద్ద కుటుంబం. ఆ కుటుంబంలో వేరువేరు శాఖలు, ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా, కనీసం పాతిక సార్లు కాళ్ళు పోగొట్టుకున్నాయి. పాములూ అలా పోగొట్టుకున్న ఒక శాఖే. పాముల పూర్వీకులు బల్లులే కాబట్టి, ఉడుముకు పాము దూరపు చుట్టం. కాకపోతే పాముల శాఖ మహావృక్షమైంది, తక్కినవి పొదలుగా మిగిలాయి.

మన భాష దగ్గర ఒక్క నిమిషం ఆగాలి. పొడుగ్గా ఉండి పాకే ప్రతిదాన్నీ తెలుగు పాము అనే పిలిచింది. నేలను గుల్ల చేసేది వానపాము, కడుపులో చేరేది ఏలికపాము, చెరువులో జారేది మలుగుపాము. నాలుగు కాళ్ళూ స్పష్టంగా కనబడుతున్నా పెరట్లో తులసికోట దగ్గర తిరిగే గోధుమరంగు నిగనిగల జీవి నలికండ్ల పాము. కొన్నిచోట్ల నలికిరి అంటారు. దాని కాళ్ళు ఒంటికి చిన్నవి, పరిగెత్తేటప్పుడు పక్కలకి అంటుకుపోతాయి, చూసేవాడికి పాము జారిపోయినట్టే ఉంటుంది. ఆ పేరు పెట్టిన వాళ్ళ చూపు నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. కాళ్ళు లేని బల్లుల్లో ఎక్కువ భాగం ఈ నలికండ్ల పాము వంశంలోంచే వచ్చాయి. బల్లి పామయ్యే దారిలో సగం దూరం నడిచిన జీవిని మన పెద్దలు పెరట్లోనే చూసి, పాము అని పేరు పెట్టారు. విషముందని దాన్ని కొట్టి చంపడం మాత్రం అన్యాయం. నలికండ్ల పాముకి విషం లేదు.

మరి కాళ్ళు లేని బల్లికీ పాముకీ తేడా ఎలా తెలుస్తుంది?

ముందు కన్ను. పాము రెప్ప వేయదు. వేయలేదు, ఎందుకంటే పై రెప్పా కింది రెప్పా కలిసిపోయి, అద్దం లాంటి పొర అయి, కంటి మీద శాశ్వతంగా బిగుసుకున్నాయి. పొలం గట్టున పాము కుబుసం దొరికితే తల భాగం వెలుతురుకి పట్టి చూడండి. కన్ను ఉండాల్సిన చోట చిన్న గాజుబిళ్ళలా పారదర్శకమైన పొర కనబడుతుంది, కుబుసంతో పాటు అదీ ఊడి వస్తుంది. కాళ్ళు లేని బల్లుల్లో చాలావాటికి కదిలే రెప్పలుంటాయి. ఐరోపా తోటల్లో తిరిగే స్లో వర్మ్ అచ్చం రాగి పాములా ఉంటుంది. ఎదురుగా చూస్తే, హఠాత్తుగా కన్ను మూసి తెరుస్తుంది. అంతవరకూ పాము అనుకున్నవాడికి ఆ ఒక్క రెప్పపాటుతో సంగతి తెలిసిపోతుంది.

రెండోది చెవి. పాముని మన కవులు చక్షుశ్రవం అన్నారు, కంటితో వినేది అని. కంటితో వినడం నిజం కాదు, కానీ ఆ మాట పుట్టడానికి కారణమైన గమనిక నిజం: పాము తల ఎంత వెతికినా చెవిరంధ్రం కనబడదు. బయటి చెవి లేకపోయినా లోపలి చెవి ఉంది, నేల అదురు దవడ ఎముక గుండా దానికి చేరుతుంది. కాళ్ళు లేని బల్లుల్లో చాలావాటికి కంటి వెనక చిన్న చెవిరంధ్రం ఉంటుంది. కొన్నిటిలో అది సూదిబెజ్జమంత.

మూడోది పొట్ట. పామును తిరగేస్తే పొట్ట మీద అడ్డంగా వెడల్పాటి పొలుసులు ఒకే వరసలో, తాటాకులు వరసగా పేర్చినట్టు ఉంటాయి. ఆ పొలుసుల అంచులతో నేలను పట్టుకుని పాము ముందుకు సాగుతుంది. బల్లి పొట్ట మీదా వీపు మీదా ఒకే రకం చిన్న పొలుసులు. అందుకే కాళ్ళు లేని బల్లిని నున్నటి గచ్చు మీద వదిలితే తంటాలు పడుతుంది. గడ్డి దుబ్బులూ రాళ్ళూ ఒంటికి ఆనితేనే దానికి నడక.

తోక సంగతి మరీ తమాషా. పాము ఒంట్లో ఎక్కువ భాగం మొండెమే, తోక చివర కాస్త. గడ్డిలో తిరిగే కాళ్ళు లేని బల్లుల్లో పొడవులో సగానికి మించి తోకే ఉంటుంది. పట్టుకుంటే తోక తెగి చేతిలో గిలగిల కొట్టుకుంటుంది, అసలు ప్రాణి తప్పించుకుంటుంది. గోడ మీది బల్లి చేసే పనే. బాల్కన్ దేశాల నుంచి మధ్య ఆసియా దాకా బతికే షెల్తోపూసిక్ అనే పెద్ద బల్లి మీటరు దాటి పెరుగుతుంది. దాని బంధువుల తోకలు దెబ్బకి గాజులా ముక్కలవుతాయని వాటికి గాజుబల్లులని పేరు. ఆ గాజుబల్లుల్లో ఒకటి డార్జిలింగ్ నుంచి ఈశాన్య రాష్ట్రాల కొండల దాకా ఉంది.

నోరు కూడా చూడాలి. పాము దవడ రెండు సగాలూ గడ్డం దగ్గర ఎముకతో అతుక్కుని ఉండవు, సాగే స్నాయువుతో కలిసి ఉంటాయి. తన తలకంటే లావైన కప్పని మింగగలిగేది అందుకే. బల్లి దవడ బిగుతు. పురుగులూ నత్తలూ వానపాములూ, నోట్లో పట్టినంతే. ఈ బల్లుల్లో వేటికీ మనిషిని చంపే విషం లేదు.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఈ గుర్తులు ఒక్కొక్కటిగా నమ్మదగినవి కావు. ఆస్ట్రేలియాలో ఉండే కాళ్ళు లేని బల్లుల్లో కొన్ని గోడబల్లికి దగ్గరి చుట్టాలు. వాటికి రెప్పలు లేవు, కన్ను మురికైతే నాలుకతో నాకి శుభ్రం చేసుకుంటాయి. మా తొట్టిలో దొరికిన గుడ్డిపాము అసలైన పామే కానీ దాని పొట్ట మీద వెడల్పు పొలుసులు లేవు, ఒళ్ళంతా ఒకే రకం. నికోబార్ దీవుల్లో ఒక బల్లి ఉంది, దాని కళ్ళు పొలుసు కిందే ఉండిపోయాయి, చెవి లేదు, చూస్తే పెద్ద వానపామే అనిపిస్తుంది. పుస్తకం చదివి గుర్తులు తెలుసుకోవడం మంచిదే. తెలిసింది కదా అని దగ్గరికెళ్ళి రెప్ప కోసం వంగి చూడటం వద్దు. కట్లపాము కూడా నున్నగా నిగనిగలాడుతూనే ఉంటుంది. ఏదో తేల్చుకోలేనప్పుడు అది పామే అనుకుని దూరం జరగాలి, దాని దారిన దాన్ని పోనివ్వాలి, ఇంట్లోకి వస్తే పాములు పట్టడం తెలిసిన వాళ్ళని పిలవాలి. పాము కాకపోవచ్చు కదా అని చంపకుండా వదిలితే చాలు, ముట్టుకోనక్కర్లేదు.

"మన విశాఖలో ఉన్నాయా అలాంటివి?" అని అడిగాడు వాడు.

ఉన్నాయి. నాకు గుండె నిండేది ఇక్కడే.

1780ల్లో ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ వైద్యుడు విశాఖపట్నంలో ఉండి కోరమాండల్ తీరపు పాములని పోగుచేశాడు. 1796లో అచ్చయిన ఆయన పుస్తకంలో పాముల పేర్లు ఇక్కడి జనం నోటి నుంచి విన్నవే. రక్తపింజరిని కాటుక రేకుల పొడ అని రాసుకున్నాడు. ఆ పాముకే తర్వాత లోకం ఆయన పేరు పెట్టింది. మా తొట్టిలో దొరికిన గుడ్డిపాము బొమ్మ కూడా ఆ పుస్తకంలో ఉంది, రెండు తలల పాము అనే పేరుతో. ఇవాళ ఆ పేరు లావుపాటి ఎర్రటి ఇసుకపాముకి వాడుతున్నారు, దాన్ని అదృష్టమని నమ్మించి లక్షలకి అమ్మే దొంగ వ్యాపారం కూడా నడుస్తోంది. తోక మొద్దుగా ఉన్న పాపానికి ఒక అమాయక ప్రాణి సంచుల్లో ఊపిరాడక చస్తోంది.

రస్సెల్ పుస్తకం వచ్చిన ఐదేళ్ళకి, 1801లో, యోహాన్ గోట్‌లోబ్ ష్నైడర్ అనే జర్మన్ పండితుడు ఒక కాళ్ళు లేని బల్లికి పేరు పెట్టాడు. దాని ఊరు విశాఖపట్నం అని శాస్త్రగ్రంథాల్లో ఉంది. ఇవాళ దాని పేరు బార్కుడియా మెలనోస్టిక్టా. రెండో మాటకి అర్థం నల్లచుక్కలది అని. మట్టిలో బతికే నలికండ్ల పాము వంశం, కాళ్ళు బొత్తిగా లేవు. పేరు పెట్టి రెండు శతాబ్దాలు దాటినా దాని బతుకు గురించి మనకి తెలిసింది పిడికెడు కూడా లేదు.

మరి బార్కుడియా అన్న మొదటి మాట? అది ఒక దీవి పేరు. చిలికా సరస్సులో బార్కుడా అనే చిన్న దీవి ఉంది. ఇప్పుడు ఒడిశా, ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోని గంజాం జిల్లా. భారత జంతుశాస్త్ర సర్వే 1916లో ఏర్పడినప్పుడు మొదటి డైరెక్టరైన నెల్సన్ అనండేల్ ఆ దీవి మీద ఉండి, అక్కడి ప్రతి పురుగునీ ప్రతి నత్తనీ రాసుకున్నాడు. 1917లో ఆయన అక్కడి కాళ్ళు లేని బల్లిని కొత్త జాతిగా లోకానికి చెప్పాడు. తర్వాత దశాబ్దాల పాటు అది ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందేమో అనుకున్నారు. అంతరించలేదు. మట్టిలో ఉండేదాన్ని చూడాలంటే ఎవరో మట్టి తవ్వాలి కదా.

ఇలాంటిదే ఇంకొకటి. 1870లో బెడ్డోమ్ అనే సైనికాధికారి గోల్కొండ కొండల్లో దొరికిన ఒక పొడుగాటి నలికిరిని వర్ణించాడు. ఈ గోల్కొండ హైదరాబాదుది కాదు, విశాఖ వైపు తూర్పు కనుమలది. సెప్సోఫిస్ అని పేరు. దీనికి కాళ్ళు పూర్తిగా పోలేదు, ఒంటికి తగని బహుపొట్టి కాళ్ళు. దాదాపు 140 ఏళ్ళ పాటు శాస్త్రజ్ఞులకి మళ్ళీ దొరకలేదు. తిరిగి దొరికాక దాని జన్యువులు చదివి వంశం తేల్చిన పరిశోధన 2013లో వచ్చింది. మన కొండల అడుగున ఇంకేం ఉన్నాయో ఎవరు చెప్పగలరు? కొండ తొలిచి లేఅవుటు వేసేటప్పుడు చెట్లు లెక్కపెడతారు, జింకలున్నాయా అని అడుగుతారు. వదులు మట్టిలో జానెడు లోతున ఉన్నవాటిని అడిగేవారు లేరు. ఇది నన్ను బాధపెడుతుంది.

ఇక అసలు ప్రశ్న. కాళ్ళు ఎందుకు పోయాయి? ఉండటం మంచిదే కదా?

ఉండటం ఎప్పుడూ మంచిది కాదు. గుబురు గడ్డిలో, ఆకుల చెత్తలో, ఇసుకలో దూరి తిరిగే ప్రాణికి పక్కలకి పొడుచుకొచ్చిన కాళ్ళు అడ్డం. ఇరుకు సందులో మోచేతులు చాచి నడవబోతే మనకేమవుతుందో దానికీ అదే. అలాంటి చోట ముందుగా ఒళ్ళు పొడవు పెరుగుతుంది, వెన్నుపూసలు ఎక్కువవుతాయి. మనకి వెన్నులో ముప్పై చిల్లర ఎముకలుంటే పాములకి రెండు వందలు, కొన్నిటికి నాలుగు వందలు కూడా దాటతాయి. ఒళ్ళు పొడుగైతే అలలా ఊగుతూ ఈదినట్టు కదలొచ్చు. ఊగే ఒంటికి కాళ్ళు చేసే సాయం తగ్గుతుంది, తిండి పెట్టి పోషించే ఖర్చు మిగులుతుంది. తరాలు గడిచేకొద్దీ కాళ్ళు చిన్నవైనవాటికి నష్టం లేదు, లాభమే.

ఇలా కాళ్ళు పోగొట్టుకున్నవి రెండు తీరులుగా స్థిరపడ్డాయి. గడ్డిలో పైపైన తిరిగేవి పొడుగు తోకవి, తోకతోనే సగం ఈత. మట్టిలో తొలుచుకుపోయేవి పొట్టి తోకవి, మొండెమే పనిముట్టు. బార్కుడియా ఈ రెండో తీరుది.

కాళ్ళు ఒక్కసారిగా మాయం కావు. మెట్లు మెట్లుగా పోతాయి, ఆ మెట్లన్నీ ఇవాళ్టికీ బతికే ఉన్నాయి. శ్రీలంకలో నెస్సియా అనే నలికిరుల గుంపు ఉంది. అందులో కాలికి మూడు వేళ్ళవి ఉన్నాయి, రెండు వేళ్ళవి, ఒకే వేలుది, వెనక కాళ్ళు మొగ్గల్లా మిగిలినది, ఏమీ మిగలనివీ ఉన్నాయి. ఒకే దీవి మీద మెట్ల వరస మొత్తం! ఆస్ట్రేలియాలో లెరిస్టా అనే గుంపు ఇంకా పెద్దది. ఐదు వేళ్ళ కాళ్ళ నుంచి కాళ్ళే లేకపోవడం దాకా వెళ్ళడానికి ఆ గుంపులో ఒకచోట సుమారు 36 లక్షల ఏళ్ళే పట్టిందని 2008లో లెక్కగట్టారు. భూమి వయసులో అది ఒక పూట.

మిగిలిపోయిన గుర్తులు ఒంటి లోపల ఉంటాయి. కాళ్ళు లేని బల్లుల్లో చాలావాటికి చర్మం కింద భుజం ఎముకల ముక్కలూ తుంటి ఎముకల ముక్కలూ ఇంకా ఉన్నాయి. షెల్తోపూసిక్‌కి మలద్వారం పక్కన రెండు మిల్లీమీటర్ల కాలి మొగ్గలు బయటికే కనబడతాయి. స్లో వర్మ్ తల్లి కడుపులో పిండంగా ఉన్నప్పుడు కాళ్ళ మొగ్గలు మొలకెత్తి, పెరగకుండా ఆగి, కరిగిపోతాయి. అంటే కాళ్ళు కట్టే ప్రణాళిక పోలేదు, మధ్యలో ఆగింది.

ఆ ఆగడం ఎలా జరుగుతుందో పాముల్లో బాగా తెలిసింది. కాలు ఎక్కడ ఎంత పెరగాలో చెప్పే జన్యువు ఒకటుంది, సోనిక్ హెడ్జ్‌హాగ్ అని దాని పేరు. అది పాముల్లోనూ చెక్కుచెదరకుండా ఉంది, దాంతో ఇతర అవయవాలకి పని ఉంది కాబట్టి. కాళ్ళ దగ్గర మాత్రం దాన్ని వెలిగించే స్విచ్చు వేరే చోట, దాదాపు పది లక్షల జన్యు అక్షరాల దూరంలో ఉంటుంది. 2016లో అమెరికా శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఆ స్విచ్చు తీసి పాము స్విచ్చు పెట్టారు. పుట్టిన ఎలుకలకి కాళ్ళ చోట మొద్దులు మిగిలాయి. పాము స్విచ్చులో పోయిన పదిహేడు అక్షరాలని తిరిగి చేర్చి పెట్టారు. ఎలుకకి కాళ్ళు మామూలుగా వచ్చాయి. పదిహేడు అక్షరాలు! కాళ్ళు లేని బల్లులు కూడా అదే స్విచ్చు పాడుచేసుకుని ఉండాలని లేదు. పాతిక సార్లు జరిగిన పని పాతిక దారుల్లో జరిగి ఉండొచ్చు.

పాము కాళ్ళు పాముకెరుక అంటారు మన పెద్దవాళ్ళు. కొండచిలువ దగ్గర ఆ సామెత అక్షరాలా నిజం. మలద్వారానికి రెండు పక్కలా చిన్న గోళ్ళ లాంటివి ఉంటాయి, అవి దాని వెనక కాళ్ళ చివరి గుర్తులు. మగది జతకట్టేటప్పుడు వాటిని వాడుతుంది కూడా.

మళ్ళీ బల్లుల దగ్గరికి వస్తే, మెల్‌బోర్న్ పశ్చిమ శివార్లలో, తెలుగు కుటుంబాలు కూడా ఇళ్ళు కట్టుకున్న మైదానాల్లో, కాళ్ళు లేని చారల బల్లి అని ఒకటి ఉంది. గడ్డి మైదానాలు ఇళ్ళవుతుంటే దానికి చోటు తరిగిపోయి ఆపదలో పడింది. దాన్ని లెక్కపెట్టే పద్ధతి నాకు భలే నచ్చింది. గడ్డిలో వరసలుగా ఇంటి పెంకులు పరుస్తారు. ఎండకి పెంకులు వేడెక్కుతాయి, ఆ వెచ్చదనానికి బల్లులు కిందికి చేరతాయి. తర్వాత ఒక్కో పెంకూ మెల్లిగా ఎత్తి చూసి, రాసుకుని, మళ్ళీ అలాగే పెడతారు. మన దగ్గర పెరట్లో పెంకో మట్టిగడ్డో ఎత్తినప్పుడు ఏదైనా కనబడితే అంతే చేయొచ్చు. చూసి, ఫోటో తీసుకుని, దాచుకునే చోటు చెదిరిపోకుండా మళ్ళీ కప్పేయడం.

మా వాడి చివరి ప్రశ్న చాలా సేపటికి వచ్చింది. తొట్టి మార్చడం అయిపోయింది, గుడ్డిపాముని పాత మట్టితో సహా గోడవారన నీడలో వదిలాం. "మావయ్యా, ఒకసారి పోయిన కాళ్ళు మళ్ళీ వస్తాయా?"

ఒక జంతువుకి దాని జీవితకాలంలో రావు. వంశానికైతే రావొచ్చునని కొందరు శాస్త్రజ్ఞులు అంటున్నారు, ఒప్పుకోనివాళ్ళూ ఉన్నారు. ఫిలిప్పీన్స్‌లో బ్రాకిమెలెస్ అనే నలికిరుల గుంపులో కాళ్ళున్నవీ లేనివీ కలిసి ఉన్నాయి. 2020లో వచ్చిన ఒక పరిశోధన చెప్పేదేమంటే, వాటి పూర్వీకులు నేల పొడిగా వదులుగా ఉన్న కాలంలో కాళ్ళు పోగొట్టుకున్నాయి. కోట్ల ఏళ్ళ తర్వాత రుతుపవనాలు బలపడి, వానలు పెరిగి, నేల తడిసి బిగిశాక కొన్ని శాఖలు కాళ్ళు తిరిగి తెచ్చుకున్నాయి. తడిసిన బరువు మట్టిలో తోసుకుపోవడానికి కాళ్ళు పనికొచ్చాయి మరి.

వాడు కాసేపు ఆలోచించి, గోడవారన మట్టికుప్ప వైపు చూసి, చేతిలో మగ్గులో మిగిలిన నీళ్ళన్నీ దాని మీద మెల్లగా పోశాడు.